పక్కింటి సాంచల రొద

నేను లెక్కల టీచర్ని. పిల్లలు బోర్డు మీద లెక్క చేస్తుంటే మూడో మెట్టు దగ్గరే "ఆగు" అనేదాన్ని. తప్పు ఎక్కడుందో దూరం నుంచే పట్టేస్తానని బడిలో నాకు పేరు, ఆ పేరంటే నాకు గర్వం. ఆ గర్వంతోనే ఒకసారి మా పక్కింటాయన సాంచలు రెండింటిని తుక్కు బండి దాకా తీసుకువెళ్లాను. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. ఊళ్లో సగం ఇళ్లకు అన్నం పెట్టేది అదే.

పుట్టి పెరిగింది కోరుట్లలో. మా బాపు జగిత్యాల టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసేవాడు. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. అన్నం తింటూ కంచం అంచు మీద వేలితో, టెలిగ్రాం పంపే మోర్స్ భాషలో, కట్టు, కడకట్టు అని కొట్టి, "ఏమన్ననో చెప్పు" అనేవాడు. పదేళ్లు నిండేసరికి చెప్పడమే కాదు, తిరిగి కొట్టి జవాబిచ్చేదాన్ని కూడా. పెళ్లయ్యాక పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంట్లో కూర్చుని, సొంత రేడియోతో, ఏ కంపెనీకీ పైసా కట్టకుండా ఏ దేశం వాళ్లతోనైనా మాట్లాడుకోవచ్చు. మా ఆయనకు అది మంచి వినోదం. "మా ఇంటామె నాతోని మాట్లాడదు గని, ఇటలీ ఆయనతోని పొద్దుగూకుల మాట్లాడ్తది" అని అందరికీ చెప్పుకునేవాడు.

కోరుట్లలో ఉన్నన్నాళ్లూ చేత్తో మీట కొట్టడం, చెవితో వినడం, నోటుబుక్కులో రాసుకోవడం, అంతే. సిరిసిల్లకు బదిలీ అయిన ఎండాకాలంలోనే ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాను. దాని సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. చార్జర్ పీకితే ఆ క్షణమే ఆరిపోయేది. ఆ చార్జరైనా అసలుది కాదు, జగిత్యాలలో టవర్ దగ్గర కొన్న డూప్లికేటు. అయినా నాకు అది ఐరావతంలాగే కనిపించింది.

దానికీ రేడియోకీ మధ్య తీగ నేనే టంకం పెట్టి చేసుకున్నాను. అక్కడి నుంచి నా స్టేషను రూపమే మారిపోయింది. యాంటెన్నా తీగ ఎంత పొడవుండాలో, మేడ మీద ఎంత ఎత్తున కట్టాలో ఒక సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి చెప్పింది. అది చెప్పినట్టే కడితే మొదటి వారంలోనే కోరుట్లలో రెండేళ్లు వినపడని దేశం ఒకటి పలికింది. రేడియో మీట ముట్టుకోకుండానే కంప్యూటర్ నుంచే స్టేషన్లు మార్చుకోవచ్చు. ఎవరితో ఎప్పుడు మాట్లాడానో పుస్తకంలా రాసిపెట్టేదీ కంప్యూటరే. అందులో చివరన 'విశేషాలు' అని ఒక గడి ఉండేది, మన ఇష్టం వచ్చింది రాసుకోవచ్చు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది టైపు చేసి మాట్లాడే పద్ధతి. నేను కొట్టిన అక్షరాలు సన్నని ఈలగా మారి గాలిలోకి పోతాయి. అవతలివాళ్ల కంప్యూటర్ ఆ ఈలను మళ్లీ అక్షరాలు చేస్తుంది. చెవికి అందనంత బలహీనమైన ఈల కూడా తెర మీద కనిపిస్తుంది. నీలం తెర మీద పసుపు గీతలు పైనుంచి కిందికి జారుతూ ఉంటాయి, సాంచ మీద పడుగు పోగుల్లాగా. ఏ పోగు మీద నొక్కితే ఆ మనిషి మాట కింద అక్షరాలై వస్తుంది.

నా ఊరు ఏదని అడిగితే పంపడానికి "సిరిసిల్ల, తెలంగాణ" అని ముందే టైపు చేసి పెట్టుకున్నాను. అప్పటికి రాష్ట్రం రాలేదు. మా ఆయన మోటారు సైకిల్ నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ రాయించుకున్న రోజులవి. రేడియోలో రాజకీయాలు మాట్లాడకూడదని నిబంధన. మా ఊరు ఎక్కడుందో చెప్పడం రాజకీయం కాదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను.

అంతా బాగానే ఉంది గానీ, ఆ పోగుల మీద ఎప్పుడూ ఒక పసుపు మడ్డి కమ్ముకుని ఉండేది. స్పీకరులో ఈగల గుంపు ముసిరినట్టు జుయ్ మని మోత. బలమైన స్టేషన్లు దాన్ని చీల్చుకుని వచ్చేవి, బలహీనమైనవి అందులోనే మునిగిపోయేవి. కోరుట్లలో ఈ బాధ లేదు. సిరిసిల్లకు వచ్చాకే మొదలైంది. సిరిసిల్లలో ఉన్నదేమిటి, కోరుట్లలో లేనిదేమిటి? రెండు మెట్లలో లెక్క తేలిపోయింది.

మా వెనక గదికీ పక్కింటివాళ్ల రేకుల షెడ్డుకూ గోడ ఒకటే. అందులో నాలుగు సాంచలు. మా గోడ పొంటి రెండు పాతవి, అవతల రెండు కాస్త కొత్తవి. అవి నడుస్తుంటే మా అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. గిన్నెలనే ఊపేది రేడియోను ఊపదా? ఇదీ నా తర్కం. విశేషాల గడిలో ప్రతి పూటా "సాంచల రొద" అని రాయడం మొదలుపెట్టాను.

ఫోనులో బాపుకు చెబితే ఆయన ఒకటే మాటన్నాడు. "నీ ఇంట్లయి అన్ని బంద్ జేసి, ఒక్కపాలి చెవు వెట్టి విను బిడ్డా."

"కంప్యూటర్ బంద్ జేస్తే చప్పుడు ఎట్ల కనవడ్తది బాపూ? గిది నీ తారాఫీసు కాలం గాదు" అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను గెలిచినట్టు ఫోను పెట్టేశాను.

పక్కింటాయన మా బాపు కంటే నాలుగైదేళ్లు చిన్న. నేను కాకా అనేదాన్ని, ఆయన భార్యను చిన్నమ్మా అనేదాన్ని. ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి, ఆ మోతలో గొంతు చించుకుని చెప్పాను.

"కాకా, మీ సాంచల తోని నా రేడియో పని జేస్తలేదు."

ఆయన సాంచ ఆపి, చెవి మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పించుకున్నాడు. "అట్లనా బిడ్డా? మరేం జెయ్యమంటవు?"

"ఆరింటికెల్లి ఏడింటి దాక గోడ పొంటి రెండు బంద్ వెట్టుండ్రి, సాలు."

"గంతేగద" అన్నాడు. ఆ సాయంత్రం నుంచే బంద్ పెట్టాడు. మీటరు లెక్కన కూలి వచ్చే ఇంట్లో రోజుకో గంట రెండు సాంచలు ఆగడమంటే ఏమిటో నాకు తెలియక కాదు. చిన్నమ్మ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. నేనే చూడటం మానేశాను.

ఆ గంటలో కూడా మడ్డి పోలేదు. వేరే మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. నేను ఆగలేదు. సాంచ ఆగినా తీగల్లో కరెంటు ఉంటుంది కదా, తప్పు మోటార్ల వైరింగులో ఉందన్నాను. రెండు వారాలు, అరగంటకోసారి తెరను దానంతటదే ఫోటో తీసేలా సాఫ్ట్‌వేర్‌కు పని అప్పగించాను. వాటినుంచి పటాలు గీసి, ఇంటర్నెట్ సెంటరులో రంగుల్లో ప్రింటు తీయించి, కరెంటు ఆఫీసులో దరఖాస్తుతో పాటు ఇచ్చి వచ్చాను. ఆ రంగుల పటాలు చూస్తే ఎవరైనా నమ్మాల్సిందే. అందరికంటే ముందు నేనే నమ్మాను.

నేను బడిలో ఉన్నప్పుడు ఇంజనీరు వచ్చి షెడ్డు చూసి పోయాడట. నాలుగు రోజుల తర్వాత చిన్నమ్మ గోడవతలి నుంచి, నా వైపు చూడకుండా చెప్పింది.

"గా రెండు మోటర్లు మంచిగ లెవ్వట. దసరా ఎల్లినంక తుక్కాయనకు ఇస్తడట మీ కాక. ఇగ నీ రేడియో మంచిగ పలుకుతది తియ్యి."

నాకు గుండెలో కలుక్కుమంది. ఆ మాట వాస్తవం. కానీ తప్పు దొరికాక దిద్దకుండా వదిలేస్తామా అని సర్దుకున్నాను. బడిలో రోజూ చేసే పనే కదా.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి. పొద్దున చౌరస్తాలో టీచర్ల టెంటు కింద కూర్చోవడం, నినాదాలివ్వడం, మధ్యాహ్నానికి ఇంటికి రావడం. ఏళ్ల తరబడి చూసిన ఉద్యమం ఈసారి తేలుతుందని మా అందరికీ ధీమా. బస్సులు లేవు. అందువల్ల ఏటా పండగకు కోరుట్ల వెళ్లే నేను ఆ ఏడు బతుకమ్మకు సిరిసిల్లలోనే ఉండిపోయాను. అంటే, సాంచలన్నీ ఆగే పండగ రోజుల్లో నేను అంతకుముందు ఎన్నడూ ఈ ఊళ్లో లేను. ఊరంతా ఆగినప్పుడు రేడియో ఎలా పలుకుతుందో ఒక్కసారీ వినలేదు. నా లెక్కలో రాయని మెట్టు అదే.

బొగ్గు గనుల్లో పని ఆగింది. కరెంటు ఇష్టమొచ్చినట్టు పోవడం మొదలైంది. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, టెంటు నుంచి వచ్చి అన్నం తింటుండగా కరెంటు పోయింది. పక్క షెడ్డే కాదు, వాడంతా ఒక్కసారి ఆగింది. అల్మారాలో గిన్నెలు ఊరుకున్నాయి. నేను చెయ్యి కడుక్కుని పరుగెత్తాను. రేడియో ట్రాక్టర్ బ్యాటరీ మీద నడుస్తుంది, ల్యాప్‌టాప్ చార్జరుకు ఇన్వర్టరుంది. ఊరంతా ఆగిన ఈ గంటలో నా పటాలు నూటికి నూరు పాళ్లు నిజమవుతాయని తెర ముందు కూర్చున్నాను.

తెర మీద మడ్డి అట్లాగే ఉంది. ఇసుమంత కూడా తగ్గలేదు.

ఎవరింట్లోనో జనరేటర్ నడుస్తోందనుకుని మేడ ఎక్కాను. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. కింద వాకిట్లో ఆడవాళ్లు బతుకమ్మ పేర్చడానికి గునుగు పువ్వు కట్టలు కడుతూ మాట్లాడుకుంటున్నారు. ప్రతి మాటా మేడ మీదికి వినిపిస్తోంది. ఆ ఊళ్లో పక్కింటివాళ్ల మాట అంత తేటగా వినడం నాకదే మొదటిసారి. కిందికి దిగి మళ్లీ రేడియో ముందు కూర్చున్నాను. కోతలతో నీరసించిన ఇన్వర్టరు రెండుసార్లు కీచుమని కూసి ఆరిపోయింది. దాంతోపాటే ల్యాప్‌టాప్ ఆరిపోయింది.

రేడియో మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. జుయ్ మనే మోత తెగిపోయింది. చెవిలోంచి దూది తీసినట్టయింది. ఆ నిశ్శబ్దంలో, చాలా దూరం నుంచి, ఎవరో చేత్తో మీట కొడుతున్నారు. కట్టు, కడకట్టు. బాపు కంచం అంచు మీద కొట్టినంత తేటగా. కాగితం కోసం వెతికే ఓపిక లేక గోడ మీది క్యాలెండరు చివర రాసుకున్నాను. జవాబు ఇవ్వలేదు.

చార్జర్ పీకి పక్కన పెట్టాను. గంటకు కరెంటు వచ్చింది. నాలుగు సాంచలూ మొదలయ్యాయి, గిన్నెలు గలగలమన్నాయి. రేడియో అంతే తేటగా ఉంది. చార్జర్ ప్లగ్గులో పెట్టాను, మోత. పీకాను, పోయింది. ఏడుసార్లు పెట్టాను, ఏడుసార్లు పీకాను. దొంగను పట్టడానికి ఏ కిటికీలోంచి చూశానో, దొంగ ఆ కిటికీలోనే కూర్చున్నాడు.

మా ఆయన అంతా విని, మెల్లగా అన్నాడు. "ఎవ్వలకు తెల్వది. మంచి చార్జర్ కొనుక్కో, ఊకో."

"మరి తుక్కాయన?"

అంతలో మళ్లీ కరెంటు పోయి సాంచలు ఆగాయి. అదే సమయంలో గోడవతల చిన్నమ్మ ఎవరికో చెబుతోంది. "పండుగ దాక ఎందుకట, రేపు పొద్దుగాల్నే ట్రాలీ తెస్తడట తుక్కాయన. ఎట్లైన కరెంటు ఉంటలేదు గద, గిప్పుడే ఇప్పేస్త అన్నడు ఈయన."

రేపు పొద్దున. నేను చెప్పులు తొడుక్కుని బయటపడ్డాను. కాక దగ్గరికి అనుకునేరు. కాదు. ముందు పిరికిదారే వెతికాను. దరఖాస్తు వాపసు తీసుకుంటే, కారణం చెప్పకుండానే పని అయిపోతుందనుకున్నాను. కరెంటు ఇంజనీరు చౌరస్తాలో వాళ్ల టెంటు కింద కూర్చుని ఉన్నాడు. రాసుకుపోయిన కాగితం ముందు పెట్టాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "సమ్మెల ఉన్నం మేడం. కాయితం ముట్టం. మీరు గూడ సమ్మెలనే ఉన్నరు గద!"

"రేపు సాంచలు తుక్కుకు వోతున్నయి సార్. మీరే గద తీసెయ్యమన్నది?"

"నేనా? నేను తీసెయ్యమనలె. మోటర్లు పాతయి, జెర సూపెట్టుకో అన్న, గంతే. మీ పటాలు సూసి గా పెద్దమనిషే అన్నడు. టీచరమ్మ ఊకెనే రాయది సార్, ఆమె లెక్క తప్పు వోదు, నేనే తీసేస్త అన్నడు."

తిట్టినవాళ్లను ఎదుర్కోగలను. నమ్మినవాళ్ల ముందు ఏం చేయాలో ఏ టీచరూ నాకు నేర్పలేదు. ఇంటికి వచ్చి, చార్జర్ తీసుకుని, తిన్నగా షెడ్డులోకి వెళ్లాను.

కరెంటు ఇంకా రాలేదు. తలుపు దగ్గరి వెలుతురులో కాక కింద కూర్చుని పాత సాంచ కాళ్ల బోల్టులు విప్పుతున్నాడు. సగం విప్పేశాడు. చిన్నమ్మ వాటిని డబ్బాలో వేస్తోంది.

"కాకా, ఆగుండ్రి" అన్నాను. చార్జర్ ఆయన చేతిలో పెట్టాను. "చప్పుడంత దీందే. మీ సాంచలది గాదు. నాదే తప్పు. మొదటికెల్లి నాదే."

చిన్నమ్మ డబ్బా ధన్ మని కింద పెట్టింది. "గిన్ని దినాలు గంట గంట బంద్ వెట్టిస్తివి గద తల్లీ! కాయితం రాస్తివి, సార్లను తోలిస్తివి! గిప్పుడు గాదంటవా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. కాక మాత్రం చార్జర్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"గింతదా?" అన్నాడు. నా వైపు చూశాడు. "ఈపాలి సరిజూసినవా?"

రోజూ పిల్లలను నేను అడిగే మాట అది. "ఏడు సార్లు సూసిన కాకా."

"అయితే గా పానా ఇటియ్యి."

"నన్ను తిట్టుండ్రి కాకా."

"తిట్టుకుంట కూసుంటే పొద్దు గూకుతది. బోల్టులు అందియ్యి."

అందించాను. ఆయన బిగిస్తుంటే సాంచ కాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. రెండో కాలు దగ్గర చిన్నమ్మ, "గట్ల గాదు, కింద వట్టుకో" అంది. మరునాడు ట్రాలీ ఖాళీగా వెనక్కి పోయింది.

సమ్మె ముగిసి, కరెంటు కుదుటపడ్డాక అసలు చార్జర్ తెప్పించుకున్నాను. ఒక సాయంత్రం ఆరింటికి సాంచలను చిన్నమ్మకు అప్పజెప్పి, చేతికంటిన నూలు దులుపుకుంటూ కాక మా వెనక గదిలోకి వచ్చాడు. "ఏదీ, నీ మిషిన్ ఏం జేస్తదో సూడనియ్యి" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అవతల నాలుగూ నడుస్తున్నాయి. గిన్నెలు అదురుతున్నాయి. తెర మాత్రం కడిగినట్టు నీలంగా ఉంది, దాని మీద పసుపు పోగులు జారుతున్నాయి.

"పడుగు లెక్కనే ఉన్నది గద!" అని ఆయన ముందుకు వంగాడు. నేను బలమైన పోగుల మీద నొక్కి, ఎవరు ఎక్కడివాళ్లో చదివి చెబుతున్నాను. ఆయన వినడం లేదు. ఉన్నట్టుండి తెర అంచున వేలు పెట్టాడు.

"గీ పోగు తెగుతాంది సూడు."

నాకు ఏమీ కనిపించలేదు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. నీలంలో నీలంగా, అక్కడక్కడ మాత్రమే తేలుతూ ఒక గీత. వేల పోగుల్లో తెగిన ఒక్కదాన్ని నడుస్తున్న సాంచ మీద పట్టుకునే కన్ను అది. నొక్కాను. ఒక అక్షరం వచ్చింది, ఆగింది, ఇంకో రెండు వచ్చాయి. పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవి. మాట్లాడిన దేశాలకు రంగు వేసుకునే నా ప్రపంచ పటంలో ఇంతవరకూ రంగు పడని చోటు. పిలిచాను. మూడోసారి పలికాడు, ఊరు ఏదని అడిగాడు.

"సిరిసిల్ల అని చెప్పు" అన్నాడు కాక.

సిరిసిల్ల, తెలంగాణ అని పంపాను. తర్వాత కంప్యూటరు పుస్తకం తెరిచాను. విశేషాల గడుల్లో పై నుంచి కిందికి "సాంచల రొద" అని నేను రాసినవే ఉన్నాయి. వాటిని చెరపలేదు, ఇప్పటికీ చెరపలేదు. వాటి కింద కొత్త వరుసలో రాశాను: "పోగు పట్టింది కాక. పక్కన నాలుగు సాంచలు నడుస్తున్నాయి."